మొటిమలకీ కంచానికీ ఉన్న లెక్క

(ఇంటర్, డిగ్రీ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోంది కదా? మంచిది.

ఇంట్లో ఎవరికైనా ముఖం మీద నాలుగు మొటిమలు కనిపించగానే మనవాళ్లు అనే మొదటి మాట "వేడి చేసింది". ఆ వెంటనే ఒక జాబితా బయటికొస్తుంది. మామిడిపండు మానెయ్, పల్లీలు తినకు, కోడిగుడ్డు వద్దు, వేపుళ్లు తగ్గించు, ఆవకాయ జోలికి పోకు. ఇదంతా చెప్పిన అమ్మే సాయంత్రం పెద్ద గ్లాసు నిండా పాలు పోసి, రెండు చెంచాల చాక్లెట్ పొడి, ఒక చెంచా చక్కెర కలిపి పిల్లాడి చేతికిస్తుంది. నేనివాళ చెప్పాలనుకున్నదంతా ఈ ఒక్క దృశ్యంలో ఉంది. ఇళ్లలో మనం తప్పు పట్టే వస్తువులు వేరు, పరిశోధనల్లో అనుమానం తగులుతున్న వస్తువులు వేరు. తిండికీ మొటిమలకీ సంబంధం లేదని నేను అనను. ఉంది. అయితే అది మనం వెతుకుతున్న చోట లేదు, మనం అనుకున్నంత పెద్దదీ కాదు.

ముందు మొటిమ ఎక్కడ పుడుతుందో చూద్దాం. ముఖం మీద ప్రతి సన్నటి వెంట్రుక ఒక చిన్న గొట్టంలోంచి బయటికొస్తుంది. ఆ గొట్టం గోడకి అతుక్కుని ద్రాక్షగుత్తిలా జిడ్డు గ్రంథి ఉంటుంది. అది తయారుచేసే జిడ్డు గొట్టం గుండా పైకొచ్చి చర్మం మీద పరుచుకుంటుంది. గొట్టం లోపలి పొర నుంచి మృతకణాలు రోజూ రాలి ఆ జిడ్డుతో పాటే బయటికి పోవాలి. అవి పోకుండా ఒకదానికొకటి అంటుకుంటే మూతి దగ్గర బిరడా పడుతుంది. వెనక జిడ్డు పేరుకుంటుంది. గాలి ఆడని ఆ చోటు క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవికి ఎంతో అనువు. ఇది మనందరి చర్మం మీదా ఉండేదే. అక్కడ అది పెరిగే కొద్దీ శరీరం ఎదురుతిరుగుతుంది, ఎరుపు, వాపు, చీము వస్తాయి. బిరడా మూతి మూసుకుని ఉంటే వైట్‌హెడ్, తెరుచుకుని ఉంటే బ్లాక్‌హెడ్. అందులోని నలుపు మురికి కాదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్, గాలి తగిలి రంగు మారిన జిడ్డు. ఎంత రుద్ది కడిగినా అది పోదు.

ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. కంటికి కనిపించని బిరడా దశ నుంచి ఎర్రటి మొటిమ దాకా రావడానికి వారాలు పడుతుంది. ఇవాళ అద్దంలో కనబడిన మొటిమకి నిన్న తిన్న బజ్జీ కారణం కాలేదు. దాని పునాది పోయిన నెలలోనే పడింది.

మరి తిండి ఎక్కడ కలుస్తుంది? జిడ్డు గ్రంథి మీద పెత్తనం ఆండ్రోజెన్లది, అంటే మగ హార్మోన్లని మనం పిలిచేవాటిది. అందుకే మొటిమలు పదకొండు, పన్నెండేళ్లకి మొదలవుతాయి. ఈ హార్మోన్లు ఆడపిల్లల్లోనూ ఉంటాయి. ఆ పెత్తనానికి తోడుగా నిలిచేవి మరో రెండున్నాయి, ఇన్సులిన్, దాన్ని పోలి ఉండి శరీర పెరుగుదలకి తోడ్పడే ఐజీఎఫ్-1. త్వరగా అరిగే పిండిపదార్థం తినగానే రక్తంలో గ్లూకోజ్ ఒక్కసారిగా లేస్తుంది, దాన్ని దించడానికి ఇన్సులిన్ ఎక్కువగా వస్తుంది. పదేపదే ఇలా జరిగితే ఆండ్రోజెన్లను పట్టి ఉంచే ప్రోటీన్ కాలేయంలో తయారవడం తగ్గి, స్వేచ్ఛగా తిరిగే ఆండ్రోజెన్ పెరుగుతుంది. ఐజీఎఫ్-1 ప్రభావం కూడా పెరుగుతుంది. జిడ్డు గ్రంథికి ఎక్కువ జిడ్డు తయారుచెయ్యమని, గొట్టం పొరకి త్వరగా పెరగమని ఆదేశాలు అందుతాయి. దీనికి బలమైన రుజువు ఒక అరుదైన జబ్బులో దొరుకుతుంది. లారోన్ సిండ్రోమ్ ఉన్నవారి శరీరంలో ఐజీఎఫ్-1 దాదాపు ఉండదు. చికిత్స తీసుకోనివాళ్లకి మొటిమలు దాదాపు రావు. చికిత్సగా ఐజీఎఫ్-1 ఇచ్చినప్పుడు కొందరికి వచ్చాయి, మోతాదు తగ్గించగానే తగ్గాయి.

ఇంత దారి కనబడుతున్నా, చర్మవైద్యులు చాలా ఏళ్లు "తిండికీ మొటిమలకీ సంబంధం లేదు" అనే చెప్పారు. దానికి పెద్ద కారణం 1969లో అమెరికాలో జరిగిన చాక్లెట్ ప్రయోగం. 65 మందికి 4 వారాలు మామూలు కంటే పదిరెట్లు కోకో ఉన్న చాక్లెట్ బార్ ఇచ్చారు. విరామం తర్వాత మరో 4 వారాలు కోకో లేని బార్ ఇచ్చారు. మొటిమల్లో తేడా రాలేదు కాబట్టి తిండికి సంబంధం లేదని తేల్చారు. లోపం ఎక్కడుందో చూడండి. కోకో లేని ఆ రెండో బార్‌లోనూ చక్కెర, కొవ్వు దాదాపు మొదటిదాంట్లో ఉన్నంతే ఉన్నాయి. అంటే అది కోకో మీద పెట్టిన పరీక్షే తప్ప చక్కెర మీద కాదు. పైగా మొటిమ తయారవడానికే వారాలు పడుతుంటే 4 వారాలు ఏం సరిపోతాయి? అయినా ఆ ఒక్క వాక్యం పాఠ్యపుస్తకాల్లో మూడు దశాబ్దాలకు పైగా నిలబడింది. (కోకోని పూర్తిగా వదిలేయడానికీ లేదు. తర్వాత వచ్చిన చిన్న అధ్యయనాలు కొన్ని దాన్ని మళ్లీ అనుమానిస్తున్నాయి. ఇంకా తేలలేదు.)

2002లో కథ మారింది. పాపువా న్యూగినీకి చెందిన కిటావా దీవిలో 1200 మందిని పరీక్షిస్తే ఒక్కరికీ మొటిమలు లేవు. వాళ్లలో 15-25 ఏళ్లవాళ్లు 300 మంది. అక్కడి తిండి కందగడ్డలు, చిలగడదుంపలు, పళ్లు, కొబ్బరి, చేపలు. చక్కెర, మైదా, పాలు దాదాపు లేవు. వాళ్ల తిండిలో పిండిపదార్థం తక్కువేమీ కాదు, బాగానే ఉంది. కాబట్టి "కార్బ్స్ మొత్తం మానెయ్యాలి" అనేవాళ్లకి ఆ దీవే జవాబు. ఐతే వాళ్ల జన్యువులు, జీవన విధానం కూడా వేరు. అందుకే దాన్ని ఆధారం అనలేం, ఆచూకీ అనొచ్చు.

ఆధారం 2007లో ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. 15-25 ఏళ్ల 43 మంది అబ్బాయిల్ని రెండు జట్లు చేసి 12 వారాలు చూశారు. ఒక జట్టుకి నిదానంగా అరిగే పిండిపదార్థాలు, ఎక్కువ ప్రోటీన్. రెండో జట్టుకి మామూలు తిండి. చివరికి మొదటి జట్టులో మొటిమలు సగటున 23.5 తగ్గాయి. రెండో జట్టులో 12 తగ్గాయి.

రెండో అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పథ్యం చెయ్యనివాళ్లకి కూడా 12 మొటిమలు తగ్గాయి! మొటిమలు వాటంతటవే పెరుగుతాయి, తగ్గుతాయి. బాగా ఎక్కువైనప్పుడే మనం విసిగిపోయి ఏదో ఒకటి మొదలుపెడతాం. ఆ తర్వాత ఎలాగూ కొంత తగ్గుతాయి. ఆ పేరు మనం మానేసిన మామిడిపండుకో, రాసుకున్న జాజికాయకో పోతుంది. ఇళ్లలో చెప్పుకునే "నాకు పనిచేసింది" మాటల్లో చాలావాటికి మూలం ఇదే. ఇంకొకటి. ఆ ప్రయోగంలో మొదటి జట్టువాళ్లు దాదాపు 3 కిలోల బరువు కూడా తగ్గారు. మేలు తిండి రకం వల్ల జరిగిందా, బరువు తగ్గినందువల్లా అనేది పూర్తిగా విడదీయలేం.

ఇప్పుడు మన కంచం దగ్గరికి వద్దాం. రెండు మాటలు కావాలి. గ్లైసీమిక్ ఇండెక్స్ అంటే ఒక పదార్థంలోని పిండి ఎంత వేగంగా రక్తంలో గ్లూకోజ్‌ని పెంచుతుందో చెప్పే అంకె. గ్లూకోజ్‌కి 100. గ్లైసీమిక్ లోడ్ అంటే ఆ వేగాన్ని మనం తిన్న పరిమాణంతో కలిపి చూడటం. పిండిపదార్థం ఎన్ని గ్రాములో దాన్ని ఇండెక్స్‌తో గుణించి 100తో భాగించాలి. ఒక వడ్డనకి 10 లోపు వస్తే తక్కువ, 20 దాటితే ఎక్కువ.

హాస్టల్లో మధ్యాహ్నం రెండుసార్లు వడ్డించుకుంటే అన్నం 300 గ్రాములు సులువుగా అవుతుంది. 100 గ్రాముల అన్నంలో 28 గ్రాముల పిండి అనుకుంటే మొత్తం 84 గ్రాములు. పాలిష్ పట్టిన తెల్లబియ్యానికి ఇండెక్స్ 70 వేసుకుంటే లోడ్ 59 వస్తుంది. ఒక్క పూటకే. ఇదే కంచంలో అన్నం 150 గ్రాములు చేసి, ఒక కప్పు గట్టిపప్పు, రెండు గరిటెల కూర ఎక్కువ వేసుకోండి. అన్నానికి 29, పప్పుకి 6 దాకా, మొత్తం 35. కడుపు నిండింది, లోడ్ 40 శాతం తగ్గింది. బియ్యం కూడా మారిస్తే ఇంకా దిగుతుంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అదే మనం తెలంగాణ సోనా అనే రకం, ఇండెక్స్ 51 ప్రాంతంలో ఉన్నట్టు పరీక్షల్లో వచ్చింది. దాంతో 150 గ్రాముల అన్నానికి లోడ్ 21 అవుతుంది. ఆ బియ్యమే అయినా 300 గ్రాములు తింటే మళ్లీ 43. రకం మార్చాను కదా అని గుట్ట పెంచితే లాభం లేదు.

తినే వరస కూడా చూడండి. ముందు కూర, పప్పు కొంత తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటే గ్లూకోజ్ అంత నిటారుగా లేవదని మధుమేహం ఉన్నవారిలో చేసిన అధ్యయనాలు చూపించాయి. మొటిమల కోసం దీన్ని విడిగా పరీక్షించలేదు గానీ, ఖర్చులేని పని.

పొద్దున టిఫిన్ సంగతి. నాలుగు ఇడ్లీలు తేలికైన తిండి అనుకుంటాం. అరుగుదలకి తేలికే, కాబట్టే గ్లూకోజ్ త్వరగా లేస్తుంది. రెండు ఇడ్లీలకి తగ్గించి గిన్నెడు సాంబారు, పల్లీ చట్నీ, ఒక గుడ్డు పెట్టుకోండి. పెసరట్టు ఇంకా మంచిది, కాకపోతే మధ్యలో ఉప్మా పెట్టిన ఎమ్మెల్యే పెసరట్టు కాదు, ఉత్త పెసరట్టు. రాగిజావ ఆరోగ్యమని రెండు మూడు చెంచాల బెల్లం కలిపి తాగుతారు. మెత్తగా ఆడించి ఉడికించిన రాగిపిండి ఇండెక్స్ తక్కువేమీ కాదు, బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ వేసుకుని తాగే జావ వేరు.

మొదట కోత పెట్టాల్సింది మాత్రం అన్నం మీద కాదు, తాగే తీపి మీద. రెండు చెంచాల చక్కెరతో రోజుకి నాలుగు టీలంటే 32 నుంచి 40 గ్రాములు. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో 26 గ్రాముల దాకా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజు మొత్తానికి సూచించిన మెరుగైన హద్దు దాదాపు 25 గ్రాములే.

ఇక పాలు. అమెరికాలో 47,355 మంది నర్సుల్ని వాళ్లు హైస్కూల్లో ఉన్నప్పటి తిండి గురించి అడిగి, 2005లో ఫలితాలు ప్రచురించారు. పాలు ఎక్కువగా తాగినవాళ్లలో తీవ్రమైన మొటిమలు కాస్త ఎక్కువ కనిపించాయి. వెన్న తీసిన పాలకి తేడా 44 శాతం, వెన్న ఉన్న పాలకి 12 శాతమే. కాబట్టి నేరం వెన్నది కాకపోవచ్చు, పాలలోని ప్రోటీన్ల వైపు అనుమానం. పాల ఇండెక్స్ తక్కువే, కానీ అవి ఇన్సులిన్‌ని మాత్రం దానికి మించి పెంచుతాయి. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. అది ఏళ్ల తర్వాత గుర్తుచేసుకుని చెప్పిన తిండి. 2018లో 78,529 మంది వివరాలు కలిపి చూసినప్పుడు కూడా సంబంధం కనబడింది, కానీ అధ్యయనాల మధ్య పొంతన తక్కువ. పాలు మాన్పించి, మాన్పించకుండా పోల్చి చూసిన గట్టి ప్రయోగాలు లేవు. అందుకే పాలు అందరూ మానెయ్యండి అని నేను చెప్పను.

వే ప్రోటీన్ పొడి, అంటే పాలు విరిగినప్పుడు మిగిలే నీటిలోంచి తీసిన ప్రోటీన్, దాని మీద నా అనుమానం ఇంకాస్త ఎక్కువ. ఛాతీ, వీపు మీద మొటిమలు ఉన్నట్టుండి లేచిన జిమ్ కుర్రాళ్ల కేసులు వైద్య పత్రికల్లో 2012 నుంచి వస్తున్నాయి. పొడి ఆపగానే చాలామందికి తగ్గాయి. కేసులు తక్కువే, అయినా పరిమాణం ఆలోచించండి. 24 గ్రాముల ప్రోటీన్ ఉన్న ఒక స్కూపులోని వే, దాదాపు మూడున్నర, నాలుగు లీటర్ల పాలలో ఉండే వేతో సమానం. అన్ని పాలు ఒక్క గుక్కలో ఎవరూ తాగరు.

మరి మనం ఇన్నాళ్లూ నిందించినవి? తిన్న నూనె చర్మం దాకా ప్రయాణించి రంధ్రంలోంచి కారదు. జిడ్డు మొత్తం గ్రంథి సొంతంగా తయారుచేసుకునేదే. పల్లీలు, ఆవకాయ, మిరపకాయ మొటిమలు తెస్తాయనడానికి ఆధారం లేదు. అయితే రోజేషియా అని, చూడటానికి మొటిమల్లాగే ఉండే వేరే జబ్బు ఒకటుంది. అందులో కారం, వేడి పానీయాలు ముఖాన్ని ఎర్రబరుస్తాయి. 150 గ్రాముల మామిడి గుజ్జు లోడ్ 11 దాకా, మన అన్నం గుట్టలో అయిదో వంతు. ఎండాకాలంలో వచ్చే సెగగడ్డలు బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్. పళ్లు వచ్చే కాలమూ గడ్డలు వచ్చే కాలమూ ఒకటే కావడంతో ఆ నింద మామిడి మీద పడింది.

తిండి జోలికి పోకముందు మూడు విషయాలు చూసుకోండి. ఒకటి తలనూనె. మొటిమలు ఎక్కువగా నుదుటి మీద, కణతల మీద, జుట్టు అంచు వెంబడి ఉంటే కొబ్బరినూనె అక్కడికి దిగుతోందేమో చూడండి. నూనె పెట్టుకోవాల్సొస్తే తలంటుకి ఒక గంట ముందు పెట్టుకోండి, రాత్రంతా ఉంచి దిండుకీ ముఖానికీ పూయకండి. రెండు, తెల్లబడటానికని మందులషాపులో అడిగి తెచ్చుకునే ట్యూబులు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే మొదట ముఖం నున్నగా మెరుస్తుంది, తర్వాత చిన్న చిన్న మొటిమలు గుంపుగా లేస్తాయి, ఆపితే మంట. అలాంటిది వాడుతుంటే ట్యూబుతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూడు, బీ12 ఇంజెక్షన్లు. బీ12 ఎక్కువైనప్పుడు చర్మం మీది ఆ సూక్ష్మజీవి నడవడిక మారి కొందరికి మొటిమలు రావచ్చని 2015లో ఒక పరిశోధన చూపింది. లోపం ఉన్నవాళ్లు మానకూడదు, డాక్టరుకి చెప్పి మోతాదు చూసుకోవాలి.

ఇప్పుడు పరీక్ష ఎలా చేసుకోవాలో చెబుతాను, రాసుకోండి. ముఖాన్ని నాలుగు భాగాలు చేసుకోండి, నుదురు, రెండు చెంపలు, గడ్డం. ప్రతి భాగంలో మూడు లెక్కలు: బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్ కలిపి ఎన్ని, ఎర్రటివి, చీమువి ఎన్ని, లోతుగా నొప్పిపెట్టే గడ్డలు ఎన్ని. పదిహేను రోజులకోసారి అదే కిటికీ పక్కన, అదే సమయానికి ఫొటో. మొదటి రెండు వారాలు తిండిలో ఏమీ మార్చకండి, ఊరికే లెక్కపెట్టండి. ఆడపిల్లలు నెలసరి తేదీ కూడా వెయ్యండి, దానికి వారం ముందు పెరగడం మామూలే. ఆ తర్వాత 12 వారాలు తీపి, అన్నం లెక్క మాత్రమే మార్చండి, పాలు ఎప్పటిలాగే. తేడా రాకపోతే అప్పుడు 8 నుంచి 12 వారాలు పాలు ఆపి చూడండి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలీదు. వాడుతున్న క్రీములు ఆపొద్దు, కొత్తవి మొదలుపెట్టొద్దు.

ఇది ఎక్కడ చెడుతుందంటే, అన్నం తగ్గించి నాలుగింటికి ఆకలేసి బిస్కెట్ ప్యాకెట్ ఖాళీ చెయ్యడం దగ్గర. తగ్గించిన అన్నం స్థానంలో పప్పు, గుడ్డు, శనగలు రాకపోతే మూడోరోజుకే పథ్యం పోతుంది. పాలు ఆపినప్పుడు కాల్షియం చూసుకోవాలి. ఈ వయసుకి రోజుకి దాదాపు 1000 మిల్లీగ్రాములు కావాలి. నువ్వులు, తోటకూర, రాగులు, ముళ్లతో తినే చిన్నచేపలు వాడుకోండి. అన్నిటికంటే నాకు భయం కలిగించేది, మొటిమల కోసం తిండి మానేసే ఆడపిల్లలు. రక్తహీనత ఉన్న పిల్ల పూట మానెయ్యడం వైద్యం కాదు. తల్లిదండ్రులకి నా విన్నపం, అన్నం ముందు కూర్చున్న పిల్లతో మొటిమల మాట ఎత్తకండి.

పథ్యం మందుకి బదులు కాదు. అమెరికా చర్మవైద్యుల సంఘం 2024 మార్గదర్శకాల్లో ఏ ఆహార నియమాన్నీ అధికారికంగా సిఫారసు చెయ్యలేదు, ఆధారాలు చాలవు అంది. బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి పూతమందుల్ని మాత్రం గట్టిగా సిఫారసు చేసింది. అడాపలీన్ రాత్రిపూట బఠానీ గింజంత ముఖమంతా పల్చగా రాయాలి, మొటిమ మీద చుక్కలా కాదు. 8 నుంచి 12 వారాలు ఓపికపట్టాలి. గర్భవతులు వాడకూడదు. లోతు గడ్డలు, గుంటలు పడటం, నెలసరి తప్పడంతో పాటు గడ్డం మీద వెంట్రుకలు, మెడ వెనక నలుపు ఉంటే పథ్యంతో కాలం గడపకండి. నెలసరి తప్పుతున్న ఆడపిల్లలు పీసీఓఎస్, అంటే అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య, ఉందేమో పరీక్షించుకోవాలి. డాక్టరు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకండి, లేకపోతే గొంతు దిగువన పుండు పడుతుంది. ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోకండి. తీవ్రమైన మొటిమలకి వాడే ఐసోట్రెటినోయిన్ మాత్రలు ఇస్తే కాస్త కొవ్వున్న భోజనంతో వేసుకోవాలి, ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి పట్టేది సగానికి పడిపోవచ్చు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన జాగ్రత్తలు లేకుండా దాన్ని ముట్టకూడదు, బిడ్డకి తీవ్రమైన లోపాలు వస్తాయి.

ప్రశ్నలు అడగండి.

(సభలోంచి ఒక తల్లి: పాలు మానిపిస్తే పెరుగు, మజ్జిగ కూడా మానిపించాలా అండీ?)

పెరుగు గురించి అధ్యయనాలు ఒకే మాట చెప్పడం లేదమ్మా. పరీక్ష చేసే ఆ కొన్ని వారాలు పెరుగు తగ్గించి, పల్చటి మజ్జిగ ఉంచండి. ఒక గ్లాసు మజ్జిగలో ఉండే పాల భాగం చాలా తక్కువ. తీపి కలిపిన డబ్బా పెరుగు, లస్సీ మాత్రం ఆపండి, వాటిలో చక్కెర కూడా ఉంది.

(ఒక విద్యార్థి: సార్, జిమ్‌కి వెళ్తాను. వే ఆపేస్తే ప్రోటీన్ ఎలా?)

నీ బరువు 60 కిలోలు అనుకుందాం నాయనా. బరువులెత్తేవాళ్లకి కిలోకి 1.6 గ్రాములు లెక్కేసినా రోజుకి 96 గ్రాములు చాలు. 50 గ్రాముల సోయా చంక్స్‌లో 25 గ్రాముల దాకా, రెండు గుడ్లలో 12, 100 గ్రాముల వండిన చికెన్‌లో 25 పైనే, 50 గ్రాముల పచ్చిశనగలు నానబెట్టి ఉడికించుకుంటే 10 దాకా వస్తాయి. మిగతాది పప్పు, అన్నం, పల్లీలతో నిండుతుంది. పొడే కావాలంటే బఠానీ ప్రోటీన్‌ది దొరుకుతుంది. ఆ డబ్బా పారెయ్యకు, బిగించి మూతపెట్టి పక్కన పెట్టు. ఛాతీ, వీపు మీద ఎన్నున్నాయో ఇవాళ రాత్రే ఇంట్లో ఎవరిచేతనైనా లెక్కపెట్టించు. 8 వారాల తర్వాత మళ్లీ లెక్కపెట్టించు. తేడా లేకపోతే డబ్బా తెరుచుకోవచ్చు.